ఎడమకి దూకితే

నన్నడిగితే, అద్దం మీద వేలు రుద్దడం ఆట కాదు,
పిండి అంటిన పళ్ళెం తుడవడం.
బటన్ ఉండాల.
నొక్కితే కిందికి దిగి, మళ్ళీ లేచి
"విన్నాన్లే" అనాల.

విజయనగరం నుంచి బొబ్బిలి బస్సులో
పదకొండేళ్ళుగా టికెట్లు కొడుతున్నాను.
నా టిమ్ముకీ బటన్లున్నాయి. ఐదో నంబరు అరిగిపోయి
గజపతినగరం రెండుసార్లు నొక్కితేగానీ పడదు.
సంచీలో దాని పక్కనే రెండోది,
అరచెయ్యంత, బూడిదరంగు,
వెనక మూత పోతే రబ్బరుబ్యాండు వేశాను.
నాన్న చిట్టీ పాడిన నెల, గంటస్తంభం దగ్గర కొన్నది.
రెండు పెన్సిల్ సెల్లు వేస్తే వారం డ్యూటీ చేస్తుంది.

ఇప్పటివీ చూశాను.
డిపో మెకానిక్కు బంగార్రాజు కొడుక్కి ఒకటుంది,
అరకేజీ వంకాయలంత బరువు,
మూడు గంటలకే ఛార్జరు కోసం ఏడుపు.
ఎండలో పట్టుకుంటే ఆట కనపడదు, నా మొహం కనపడింది.
నా మొహం నాకెందుకు?
నా పాతదానికి సొంత వెలుగు లేదు.
ఎండ పడితేనే బొమ్మ తేలుతుంది.

అందులో ఆట పేరు ఏ దేశపు లిపిలోనో ఉంది.
నేనూ మా చెల్లి గౌరీశ్వరీ బావిదొంగ అనుకునేవాళ్ళం.
మూడో అంతస్తులో, మొసలి దగ్గర,
ఎడమకి దూకితే గోడ ఆపదు. లోపలికి పడిపోతాం.
ఖాళీ గది. నాణెం లేదు, శత్రువు లేడు, తలుపు లేదు.
పాట సగంలో ఇరుక్కుని
టిన్, టిటిన్, అదే ముక్క తిరుగుతుంటుంది.
కట్టినవాడెవడో ఒక ఇటుక మర్చిపోయాడు.
ఇంట్లో అరుపులు మొదలైన రాత్రుల్లో
దుప్పటి కింద టార్చి వేసుకుని
ఇద్దరం ఆ గదిలో కూర్చునేవాళ్ళం.

సోమేశు పాలిటెక్నిక్కు పిల్లాడు,
గొల్లపల్లిలో వీణలు చేసే ఇంటివాడు.
ఓ రోజు సీటు మీంచి వంగి చూసి
"అక్కా, ఈ ఆట మళ్ళీ కడుతున్నాను, పునాదుల్నుంచి" అన్నాడు.
కట్టాడు కూడా.
నీళ్ళు బాగున్నాయి, ఒప్పుకున్నాను.
దొంగకి మీసం పెట్టాడు, తీసెయ్యమన్నాను.
నడక మరీ నూనె రాసినట్టుంది.
పాతవాడు మోకాళ్ళ నొప్పి ఉన్నవాడిలా ఆగి ఆగి నడిచేవాడు.
మూడో అంతస్తుకి పోయి ఎడమకి దూకాను.
గోడ తగిలింది.
తల గుద్దుకున్న చప్పుడు కూడా పెట్టాడు మహానుభావుడు.

"అది బగ్గక్కా. సరిచేశాను."
"ఎవుడు సరిసెయ్యమన్నాడ్రా నిన్ను?"
బస్సంతా తిరిగి చూసింది, చిల్లర గొడవనుకుని.
"మా తాత పాత వీణ కొలతలు తీసి కొత్తది చేస్తే
పగులు కూడా చెక్కుతాడేటి?" అన్నాడు.
రామభద్రపురం దాకా నాకు జవాబు దొరకలేదు.
దొరికేసరికి వాడు నిద్రపోయాడు.

జూలైలో వాడికి కంపెనీ కాగితం వచ్చింది.
ఇరవయ్యేళ్ళుగా ఆ ఆట అమ్మనివాళ్ళు,
బటన్ కింది రబ్బరుముక్క ఒక్కటి పంపనివాళ్ళు,
ఇప్పుడు మాదీ అంటున్నారు.
మీదే బాబూ, ఎవరు కాదన్నారు?
దుమ్ము తుడిచింది ఎవరో అది చెప్పండి.
వాడు అంతా తీసేశాడు. చదువుకునే పిల్లాడు, భయం ఉంటుంది.
మర్నాడు టికెట్టు డబ్బుల్తో పాటు
గోరంత కార్డు నా చేతిలో పెట్టి
వెనక సీటుకి పోయి కూర్చున్నాడు, నావైపు చూడకుండా.

బంగార్రాజు కొడుకుని బతిమాలి
ఆ వంకాయల బరువుది ఒక పూట అడిగి తెచ్చాను.
మూడో అంతస్తు. మొసలి. ఎడమకి.
పడ్డాను.
గది ఉంది. పాట ఉంది, టిన్, టిటిన్.
మీసం ఉంచేశాడు, వెధవ.
కుడివైపు మూల, పాతదాంట్లో లేనిది,
ఒక తలుపు.

అరిచేదాన్నే. వాడు బస్సులో లేడు.
అన్నిటి మీదా అభిప్రాయం ఉన్నదాన్ని,
ఆ తలుపు ముందు దొంగని నిలబెట్టి
సెల్లు మీద ఎర్ర గీత వచ్చేదాకా చూశాను.
గౌరీశ్వరికి ఫోన్ చేస్తే "తెరవకే" అంది.
అటు పిల్లాడెవరో ఏడుస్తున్నాడు, కుక్కరు కూస్తోంది.
పెట్టేస్తుందనుకున్నాను.
"అవతల ఏటుంటాదంటావు?" అంది.